చేతికందే దూరంలో విషం

పొలంలో పిచికారీ చేయగా మిగిలిన పురుగుమందు మీ ఇంట్లో ఎక్కడుంటుంది? గోడగూట్లోనో, మంచం కిందో... మొత్తానికి చేతికందే దూరంలోనే! ఆ దూరం ఎంత ప్రమాదకరమో వరంగల్ జిల్లాలోని ఓ ప్రభుత్వాసుపత్రి లెక్కలు చూస్తే తెలుస్తుంది.

1997 నుంచి 2002 వరకు ఆరేళ్లలో పురుగుమందు విషంతో ఆ ఆసుపత్రిలో చేరినవారు 8,040 మంది. వారిలో నూటికి దాదాపు 23 మంది ప్రాణాలతో ఇంటికి తిరిగి రాలేదు. 2002 నాటి రికార్డులను విడిగా పరిశీలిస్తే మరికొన్ని సంగతులు బయటపడ్డాయి. మూడింట రెండొంతుల మంది ముప్ఫై ఏళ్లు నిండనివారే. పొలంలో మందు కొడుతూ పడిపోయినవారు బహు తక్కువ. నూటికి 96 మంది తమంతట తాము తాగినవారే!

రెండే మందులు

అలా తాగినవారంతా చావాలని గట్టిగా నిశ్చయించుకున్నవారు కాదు. చాలామందిది క్షణికావేశం. ఆ క్షణంలో దొరికిన మందు ఏదన్నదాన్ని బట్టే బతుకో చావో తేలుతుంది. 2002లో ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌ల వల్లే. శ్రీలంక మొదటిదాన్ని 1995లో, రెండోదాన్ని 1998లో నిషేధించింది. 2005 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. జనం కష్టాలు తీరిపోయి కాదు... ప్రాణాంతకమైన మందులు అందకుండా పోయాయి, అంతే!

మన దగ్గర ఎండోసల్ఫాన్‌కు 2011లో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ 2023లో కేంద్రం ఉత్తర్వులిచ్చింది. ఇంట్లో మిగిలిపోయిన పాత డబ్బాల సంగతి మాత్రం మనమే చూసుకోవాలి.

విరుగుడు ఉంది

మోనోక్రోటోఫాస్ వంటి మందులు నరాల సంకేతాలను అదుపు చేసే ఎంజైమును పనిచేయనివ్వవు. దాంతో కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. చొంగ కారుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దీనికి విరుగుడు అట్రోపిన్. ఊపిరితిత్తులు తేటపడేదాకా రోగి పరిస్థితిని చూస్తూ మోతాదు పెంచాలి. 2002లో ఎక్కువమందికి అందింది మాత్రం తక్కువ మోతాదే, అదీ ఒకే కొలతగా!

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు పట్టించి వాంతి చేయించొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరింత ముప్పు. మందు పడ్డ బట్టలు తీసేసి, ఒళ్లు కడిగి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా కూడా తీసుకెళ్తే వైద్యులకు పని సులువవుతుంది. తేరుకున్నారు కదా అని మర్నాడే ఇంటికి తెచ్చేయొద్దు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య శ్వాస కండరాలు చచ్చుబడే ప్రమాదముంది.

మనసు బాగోలేనివారు ఏ వేళనైనా 14416కు ఫోన్ చేసి టెలి మానస్ నిపుణులతో మాట్లాడొచ్చు.

ఇక మిగిలిన మందును ఇంటికి దూరంగా, పెట్టెలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి వెతికేలోగా ఆవేశం చల్లారొచ్చు. ఓ ప్రాణం నిలవొచ్చు!