సరిహద్దు వెంట నడక – ఖాజాగూడ గుట్టల నుంచి సందక్‌ఫూ దాకా

హైటెక్ సిటీ కంపెనీల ఉద్యోగులు శుక్రవారం రాత్రి వీపులకు సంచులు తగిలించుకుని కొండలకు బయల్దేరడం మీరు చూసే ఉంటారు. అది జీతాలున్న వాళ్ళ సరదా, మనకెందుకు అనుకోవడం సహజమే. ఈ ప్రయాణం మాట ఎత్తగానే మా అందరి ఇళ్ళలోనూ వచ్చిన ప్రశ్న ఒకటే: "నడువనీకి పైసలు పెట్టుడేంది బిడ్డా?" పొద్దున లేస్తే కూలికి నడిచే వాళ్ళు అలా అడగడంలో న్యాయం ఉంది. మేం నడిచిన దారి గురించి చెబుతాం, జవాబు మీరే చూసుకోండి.

పశ్చిమ బెంగాల్‌లోని దార్జిలింగ్ జిల్లాలో సింగలీలా అనే కొండల వరుస ఉంది. మన దేశానికీ నేపాల్‌కూ హద్దు ఆ కొండల వెన్ను మీదుగానే పోతుంది. వెన్నుకు తూర్పున పడిన వాన రమ్మాం, రంగీత్ నదుల మీదుగా తీస్తాలో కలుస్తుంది. పడమట పడిన వాన నేపాల్ వైపు పోతుంది. మన ఊళ్ళో చేను గట్టు ఎలాగో, అక్కడ ఆ కొండ వెన్ను అలాగ.

నడక మానేభంజాంగ్ అనే చిన్న బజారులో మొదలవుతుంది. తుమ్లింగ్, గైరీబాస్, కాలిపోఖ్రీ దాటి 3,636 మీటర్ల సందక్‌ఫూ చేరాలి. పశ్చిమ బెంగాల్‌లో అన్నింటికన్నా ఎత్తైన శిఖరం ఇదే. అక్కడి నుంచి వెన్ను మీదే 21 కిలోమీటర్లు పోతే ఫాలూట్ వస్తుంది. నేపాల్, సిక్కిం, బెంగాల్ కలిసే చోటు దాని దగ్గరే. వచ్చిన దారినే తిరిగి రానక్కర్లేదు. గోర్ఖే, శ్రీఖోలా మీదుగా లోయలోకి దిగితే రింబిక్, అక్కడి నుంచి జీపులో మళ్ళీ మానేభంజాంగ్.

సరిహద్దు అనగానే మనకు సినిమాల్లోని ముళ్ళకంచె, తుపాకులు గుర్తొస్తాయి. ఇక్కడ కంచె లేదు, హద్దు రాళ్ళున్నాయంతే. తుమ్లింగ్‌లో రాత్రి పడుకుంటే నేపాల్‌లో పడుకున్నట్టు, మర్నాడు గైరీబాస్ చేరితే భారత్‌కు వచ్చినట్టు! 1950 నాటి ఒప్పందం వల్ల రెండు దేశాల వాళ్ళూ పాస్‌పోర్టు, వీసా లేకుండా అటూ ఇటూ తిరుగుతారు. అయితే సశస్త్ర సీమా బల్ జవాన్లు గుర్తింపు కార్డు చూస్తారు.

అసలు కష్టం హద్దు దగ్గర కాదు, గాలి దగ్గర. హైదరాబాద్ ఎత్తు 540 మీటర్ల చిల్లర. సందక్‌ఫూలో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. అంటే ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువూ అంతే. శరీరం అలవాటు పడటానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దంటారు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి పోకూడదు, తగ్గకపోతే దిగిపోవాలి. పరుగుపందెంలో మొదటొచ్చే వాడికీ ఇది తప్పదు. బలం చూపించబోయి తొందరపడే వాళ్ళే ముందు పడకేస్తారు.

సాధనకు మేం ఎక్కడికీ పోలేదు. ఐటీ అద్దాల మేడల మధ్య మిగిలిన ఖాజాగూడ గుట్టలే మా బడి. నీళ్ళ సీసాలు నింపిన సంచులతో ఎక్కాం, దిగాం. దిగడమే మోకాళ్ళకు ఎక్కువ పరీక్ష. ఆ గుట్టల నల్లసేనపురాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్ళే. ముసలిది అరిగి పొట్టిదైంది, పిల్లది ఇంకా పెరుగుతోంది.

మబ్బు లేని ఉదయం సందక్‌ఫూ నుంచి కాంచనజంగ, ఎవరెస్ట్, లోత్సే, మకాలు నాలుగూ కనిపిస్తాయి. నాలుగూ 8,000 మీటర్లు దాటినవే, నాలుగూ దేశాల హద్దుల మీద ఉన్నవే. మేం ఎక్కువసేపు చూసింది ఎవరెస్టునే. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఆ శిఖరం ఎక్కిన మాలావత్ పూర్ణ తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని, వయసు 13 ఏళ్ళ 11 నెలలు. వెంట ఎక్కిన ఆనంద్ కుమార్ అన్నపురెడ్డిపల్లి గురుకులం విద్యార్థి. మన లాంటి మెస్సుల్లోనే తిన్నారు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి దార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలో శిక్షణ పొందారు. వాళ్ళు ఎక్కిన ఎనిమిది రోజులకు రాష్ట్రం రెండయింది.

పోదలచిన వాళ్ళకు నాలుగు మాటలు. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా, హుగ్లీ నది దాటి సియాల్దా, అక్కడ డార్జిలింగ్ మెయిల్ ఎక్కి న్యూ జల్పాయ్‌గురి, ఆపైన జీపు. మేం స్లీపర్ క్లాసులోనే పోయాం. ఏప్రిల్‌లో పోతే ఎర్రటి బురాన్స్ పూలు చూడొచ్చు, అక్టోబరు, నవంబరుల్లో శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి. వానాకాలంలో సింగలీలా జాతీయవనం మూసేస్తారు. స్థానిక గైడ్ లేకుండా వనంలోకి పంపరు. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు వేరుగా ఉన్న వాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. టికెట్ తీసుకోకముందే ఆ పని చూసుకోండి.