తిరుగుడు వడపోత యంత్రము

వడపోత మన యిండ్లలో నిత్యము జరుగు పనియే. కాఫీ డికాక్షను దింపుటకును, కడవ మూతికి గుడ్డ కట్టి నీరు పట్టుటకును మనకెవ్వరును పాఠము చెప్పనక్కరలేదు. గుడ్డలో మడ్డి నిండినప్పుడు దానిని విదిలించి, కడిగి, మరల కట్టుదుము. కాని దినమునకు వేలకొలది లీటర్లు వడియవలసిన కర్మాగారములో ఇట్లు మాటిమాటికి పని ఆపుట పొసగదు. వడియుట, కడుగుట, విదిలించుట అను మూడు పనులును ఎడతెగక ఏకకాలమున జరుగవలెను. అందులకై పుట్టినదే తిరుగుడు వడపోత యంత్రము. ఇంగ్లండులో 1872లోనే దీనికి పేటెంటు పుట్టినను, ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దమున కాలిఫోర్నియా బంగారు గనులలో పనిచేసిన ఆలివర్ అను ఇంజనీరు దీనిని బాగుపరచిన పిదపనే విస్తారముగ వాడుకలోనికి వచ్చినది.

ఒక పెద్ద పీపాను అడ్డముగ పరుండబెట్టినట్లు ఊహింపుడు. దాని చుట్టుగోడ యంతయు చిల్లుల రేకు. రేకుమీద బిగుతుగ తొడిగిన వడపోత గుడ్డ. పీపాలో సుమారు మూడవ వంతు క్రిందనున్న తొట్టిలోని ద్రవములో మునిగియుండును. ఒక్కొక్క చుట్టునకు ఒకటి మొదలు కొన్ని నిమిషముల వంతున అది మిక్కిలి నెమ్మదిగ తిరుగుచుండును. గుడ్డ క్రింది తావును పొడవాటి అరలుగ విభజింతురు. ప్రతి అరనుండియు ఒక గొట్టము ఇరుసు చివరనున్న వాల్వునకు పోవును. పంపు గాలిని తోడివేయగా అరలలో పీడనము తగ్గును. అప్పుడు వెలుపలి వాయుమండలము ద్రవమును గుడ్డగుండ లోనికి నెట్టును. పైకి చూడ యంత్రము లాగుచున్నట్లే యుండును గాని, నెట్టునది మన తలపైనున్న గాలియే. మునిగిన అరమీద మడ్డి పొరగ పట్టును. అర పైకి తేలగనే నీరు చల్లి, మడ్డిలో చిక్కిన సారమును కడుగుదురు. పిదప ఆరబెట్టి, తుదకు పొరను ఊడదీయుదురు. ఒక అర మునుగుచుండ మరియొకటి కడుగబడుచు, వేరొకటి ఆరుచుండును.

చెక్కెర మిల్లులలోను, గనులలోను ఈ యంత్రము కలదు. అయినను వడిసిన ద్రవపు పరిశుభ్రత ప్రాణములతో ముడిపడిన తావు మందుల తయారీ. 1928లో ఫ్లెమింగు కనుగొన్న పెనిసిలిన్‌నే తీసికొందము. మన మహారాష్ట్రములో, పూనా చెంతనున్న పింప్రీలో 1954లో స్థాపింపబడిన ప్రభుత్వ కర్మాగారము 1955లో ఈ మందును తయారుచేయ నారంభించెను. పెనిసిలిన్ తయారీలో పెద్ద తొట్లయందు బూజును పెంచుదురు. మందు బూజులో నిలువక చుట్టునున్న ద్రవములో చేరును; కావున ముందుగ బూజు పోగులను వేరుచేయవలెను. ఈ పనికి తిరుగుడు యంత్రమును వాడుట పరిపాటి.

పోగులు కొన్ని ద్రవములోనికి జారినచో ఏమగును? తరువాతి మెట్టులో ద్రవమును ఆమ్లముతో పుల్లగ జేసి, బ్యూటైల్ అసిటేట్ వంటి ద్రావకముతో కలిపి, మందును దానిలోనికి దింపుదురు. మలినములున్నచో ఈ రెండు ద్రవములును చిలికిన మజ్జిగవలె కలిసిపోయి, త్వరగ విడిపోవు. పుల్లని ద్రవములో పెనిసిలిన్ క్షణక్షణము చెడిపోవుచుండును గనుక ఆలస్యమైన కొలది మందు నష్టమగును. సూక్ష్మజీవులు చేరినచో అంతకన్న కీడు. కొన్ని బాక్టీరియములు పెనిసిలినేజు అను ఎంజైమును విడుచును. అది మందును విరిచివేయును. అబ్రహాము, చెయిను అను శాస్త్రజ్ఞులు 1940లోనే ఈ సంగతిని ప్రకటించిరి.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఈ యంత్రము సూక్ష్మజీవులను ఆపజాలదు. గుడ్డ రంధ్రములకన్న అవి మిక్కిలి చిన్నవి. వానిని తొలగించుటకు చివరి మెట్టులలో మైక్రోమీటరులో సుమారు అయిదవ వంతు రంధ్రములుగల పొరలు వేరుగ కలవు. కాబట్టి యంత్రమును రూపొందించువాడు మడ్డిని తీయుటతో తృప్తిపడరాదు. యంత్రమే మురికిని చేర్చకుండ చూడవలెను. మా యభిప్రాయమున రెండవ పనియే కష్టతరము.

మొదట గుడ్డ సంగతి. సోలాపురపు మగ్గముల చప్పుడు వినుచు పెరిగిన మన విద్యార్థులకు పడుగు, పేక యననేమో చెప్పనక్కరలేదు. వడికిన నూలుపోగులో సన్నని నారలు పెక్కు పెనవేసికొని యుండును. వాని నడుమ మడ్డి రేణువులు దూరి, ఎంత కడిగినను పోక, సూక్ష్మజీవులకు నెలవగును. పైగా నారతుంపులు ఊడి ద్రవములో పడును. ఒంటిపోగుగ తీసిన కృత్రిమ దారము నున్నగనుండును, కడిగిన తేటపడును. కాని దాని నేతలో రంధ్రములు తెరపిగ నుండుటచే మొదటి క్షణములలో సన్నని రేణువులు జారిపోవును. నిజమునకు వడియగట్టునది గుడ్డ కాదు, గుడ్డమీద పట్టిన మడ్డి పొరయే. ఆ పొర కుదురుకొనువరకు వచ్చు మబ్బు ద్రవమును తేట ద్రవముతో కలుపక మరల తొట్టిలోనికి పంపుట మంచి పద్ధతి. గుడ్డకు వేసిన ప్రతి కుట్టును ఒక చిల్లే. అందుచే కుట్లు తగ్గించి, అంచులను పీపా గాడులలో త్రాటితో బిగించి మూయుదురు.

పొరను కత్తితో గీకినచో గుడ్డ అరుగును, చిరుగును. బూజుపొర కంబళివలె ముద్దగ వచ్చును గనుక దీనికి చక్కని ఉపాయమొకటి కలదు. గుడ్డమీద వరుసగ దారములు చుట్టియుంచి, ఒకచోట వానిని పీపానుండి ఎడముగ చిన్న రోలరు మీదికి మళ్ళింతురు. దారములు పొరను ఎత్తుకొనిపోయి ఆవల పడవేసి తిరిగివచ్చును. కత్తితో పనియే లేదు.

ఇక వాల్వు. చూపరులకు అది కానరాదు గాని, చిక్కంతయు అచ్చటనే. పీపాతో తిరుగు పలక యొకటి, కదలని పలక యొకటి ఒకదానినొకటి ఒరసికొనుచుండును. కదలని పలకలో ద్రవమునకు, కడుగునీటికి, ఊడదీయు గాలికి వేర్వేరు గండ్లు కలవు. రెండు గండ్ల నడిమి అడ్డు, తిరుగు పలక రంధ్రముకన్న సన్నగనున్నచో, దాటునప్పుడు ఒక క్షణము రెండు గండ్లును కలిసిపోవును. చిక్కని ద్రవములో కడుగునీరు చేరును. పలకలు అరిగినను ఇదే గతి. అరలోని గొట్టములు వాలుగ లేక ద్రవము నిలిచినచో, గాలి ఊదినప్పుడది తిరిగి మడ్డిలోనికి చిమ్మును. నిలువయున్న తావున సూక్ష్మజీవులు పెరుగును.

ఆరుచున్న పొరగుండ గది గాలి యెడతెగక లోనికి పోవుచుండును. పొర పగిలినచోట ధూళియు వెంటపోవును. అందుచే యంత్రమునకు మూతపెట్టి, శుభ్రపరచిన గాలినే లోనికి పంపుదురు. పంపులోని నీరు వెనుకకు రాకుండుటకు భౌతికశాస్త్రమే తోడ్పడును: వాయుమండలము నీటిని సుమారు 10.3 మీటర్లకు మించి ఎత్తజాలదు. ద్రవము చేరు తొట్టినుండి పంపునకు పోవు గొట్టమును అంతకన్న ఎత్తునకు లేపి దింపినచో, ఎంత లాగినను నీరు దానిని దాటలేదు.

యంత్రము నడుచుచుండగ గుడ్డ చిరిగినచో తెలియుటెట్లు? వాల్వునకును తొట్టికిని నడుమ గొట్టములో ఒక గాజు కిటికీని అమర్తురు. ద్రవము ఎల్లప్పుడు మబ్బుగనున్నచో లోపము పెక్కు అరలది, లేదా మడ్డి స్వభావమే మారినది. అట్లుగాక పీపా చుట్టు మూడు నిమిషములైనప్పుడు, సరిగ మూడేసి నిమిషములకొకసారి మబ్బు కనబడి పోవుచున్నచో, ఒక్క అర గుడ్డయే చిరిగినదని తెలియును. గడియారము చూచి ఆ అరను గుర్తించి, పీపాను ఆపి, ఆ గుడ్డను మాత్రము మార్తురు.