రాజరాజు పట్టాభిషేకం ఏ వారం?

కోరుమిల్లి తామ్రశాసనంలో రాజరాజనరేంద్రుడి పట్టాభిషేక ముహూర్తం చెక్కి ఉంది. శక సంవత్సరం 944, సూర్యుడు సింహరాశిలో, భాద్రపద బహుళ విదియ, ఉత్తరాభాద్ర నక్షత్రం, గురువారం. సంవత్సరాన్ని అంకెలతో కాక మాటలతో చెప్పారు. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది. ఒకట్ల స్థానం నుంచి వరసగా పేర్చుకుంటూ పోతే 944 వస్తుంది. చరిత్రకారులు ఈ ముహూర్తాన్ని క్రీ.శ. 1022 ఆగస్టు 16గా తేల్చారు.

పెద్దాపురంలో డిగ్రీ పిల్లలకు డేటా పాఠం చెబుతూ, తేదీ ఇస్తే వారం రాబట్టే కోడు రాయించాను. మన గోదావరి గడ్డ మీది తేదీ కదా అని ఉదాహరణకు ఇదే ఇచ్చాను. ఒక అమ్మాయి లేచి అడిగింది. “పైథాన్ శుక్రవారమంటోందండీ మాస్టారూ. రాగిరేకు తప్పాండీ, కంప్యూటర్ తప్పాండీ?”

నేను చూసిన ప్రశ్నల్లో ఇంత మంచిది అరుదు. దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే తేదీలతో పనిచేసే ప్రతి ప్రోగ్రాం లోపలా ఉన్న అసలు యంత్రం బయటపడుతుంది. దాన్ని మన సిద్ధాంతులు అహర్గణం అన్నారు. అహస్సు అంటే పగలు, గణం అంటే సమూహం. ఒక సున్నా దగ్గర మొదలుపెట్టి, నెలలు, సంవత్సరాలు, అధికమాసాలు అన్నీ పక్కన పెట్టేసి, ఎన్ని రోజులు గడిచాయో ఒక్క సంఖ్యలో చెప్పడమే దాని పని. మిల్లు గేటు దగ్గర గుమాస్తా బస్తాకో గీత గీసుకుంటూ పోయినట్టే, ఇక్కడ రోజుకో గీత.

సిద్ధాంతుల సున్నా కలియుగారంభం, క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం. ఆ రోజున ఎవరో కూర్చుని మొదటి గీత గీశారని కాదు. గ్రహాల సగటు గతులను వెనక్కి నడిపించి, అన్నీ ఒక్కచోట కలిసే క్షణాన్ని లెక్క కోసం ఎంచుకున్నారు. కంప్యూటర్ల సున్నా 1970 జనవరి 1 కూడా లెక్క సౌకర్యం కోసం ఎంచుకున్నదే. 1970 జనవరి 1 నాటికి కలి అహర్గణం 18,52,122. దాన్ని ఏడుతో భాగిస్తే శేషం 6. శుక్రవారం నుంచి ఆరు రోజులు ముందుకు లెక్కపెట్టండి, గురువారం. 1970 జనవరి 1 గురువారమే. రెండు సున్నాల మధ్య తేడా ఒక్క కూడిక, తీసివేత మాత్రమే. ఇది మొదటిసారి కాగితం మీద వేసి చూసినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

కానీ పట్టాభిషేకానికి శాసనం ఇచ్చింది సంవత్సరం, నెల, తిథి. వాటినుంచి రోజుల సంఖ్యకు వెళ్లేదెలా? సూర్యసిద్ధాంతం చూపే దారి ఇది. ఒక మహాయుగంలో 43,20,000 సౌర సంవత్సరాలు, అంటే 5,18,40,000 సౌర మాసాలు. ఆ వ్యవధిలో వచ్చే అధికమాసాలు 15,93,336. తిథులు 160,30,00,080. వీటిలో లోపించేవి, అంటే క్షయతిథులు, 2,50,82,252. అవి తీసేస్తే మిగిలేవి 157,79,17,828 రోజులు. ఈ పట్టికంతా కలిపి మనం చేయాల్సింది రెండు త్రైరాశికాలే.

శక 944కు 3,179 కలిపితే గత కలి సంవత్సరాలు 4,123. పన్నెండుతో గుణించి, భాద్రపదానికి ముందు గడిచిన అయిదు నెలలు కలిపితే 49,481 మాసాలు. ఇన్ని మాసాలకు అధికమాసాలెన్ని అని త్రైరాశికం వేస్తే 1,520, పైన కొంత భిన్నం. భిన్నం వదిలేసి కలిపితే చాంద్రమాసాలు 51,001. ముప్పైతో గుణించి, బహుళ విదియకు ముందు గడిచిన 16 తిథులు చేరిస్తే 15,30,046 తిథులు. తిథి రోజుకన్నా కాస్త చిన్నది. ముప్పై తిథులు ఇరవైతొమ్మిదిన్నర రోజుల్లోనే అయిపోతాయి. కాబట్టి తిథుల సంఖ్య రోజులకన్నా ఎక్కువే వస్తుంది, ఆ ఎక్కువను తీసేయాలి. రెండో త్రైరాశికంలో క్షయతిథులు 23,940, పైన ముప్పాతిక దాకా భిన్నం. భిన్నం వదిలేసి తీసేస్తే 15,06,106.

ఏడుతో భాగించండి. శేషం సున్నా, అంటే శుక్రవారం. రాగిరేకు మీద గురువారమని ఉంది!

సిద్ధాంతులు ఇక్కడ గాభరా పడరు. వారం కలవకపోతే ఒకటి కలపమని గానీ, ఒకటి తీసేయమని గానీ సూత్రం ముందే ఉంది. ఒకటి తీస్తే 15,06,105, శేషం 6, గురువారం. ఇది సరిపెట్టుకోవడం కాదు, ఎంతో తెలివైన ఏర్పాటు. త్రైరాశికం చెప్పేది సగటు తిథి. చంద్రుడు ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా నడుస్తాడు కాబట్టి నిజమైన తిథి దానికి కాస్త ముందో వెనకో పడుతుంది. ఆ పైన మనం వదిలేసిన భిన్నాలు. ఇవన్నీ కలిసినా తప్పు ఒక్క రోజుకు మించదు. వారాలు ఏడు కాబట్టి, తప్పు ఏ వైపు జరిగిందో వారమే వేలుపెట్టి చూపిస్తుంది. ఆధార్ సంఖ్యలో చివరి అంకె మిగతా పదకొండూ సరిగా కొట్టామో లేదో పట్టుకోవడానికే ఉంది. తిథి పక్కన వారం రాసిన శాసనకర్త చేసిందీ ఆ పనే. కాకపోతే ఆధార్ అంకె తప్పు జరిగిందని మాత్రమే చెబుతుంది, వారం తప్పును దిద్దుతుంది కూడా. మరి అధికమాసం లెక్కలో ఒక నెల అటూ ఇటూ అయితే? అప్పుడు సూర్యుడు సింహరాశిలో ఉండడు. శాసనం సింహరాశిని చెప్పడం అందుకు పనికొస్తుంది. శాసనంలోని ఆ మాటల్లో ఒక్కటీ అలంకారం కోసం పెట్టింది కాదని నేను నమ్ముతాను.

ఈ లెక్కలు చేయడానికి పలకా బలపం కూడా అక్కర్లేదు. పుదుచ్చేరిలో ఒక పంచాంగకర్త కంఠస్థం చేసిన పట్టికలతో, నేల మీద గవ్వలు పేర్చుకుంటూ చంద్రగ్రహణం గణించడం చూసి జాన్ వారెన్ ఆశ్చర్యపోయి రాశాడు. 1825లో మద్రాసులో అచ్చయిన ‘కాల సంకలిత’లో అది ఉంది.

అయితే పైథాన్ ఎందుకు శుక్రవారమంది? లెక్క తప్పలేదు, పేరు మారింది. చరిత్రకారులు చెప్పే 1022 ఆగస్టు 16 ఆనాటి జూలియన్ క్యాలెండరులోది. 1582లో పోప్ గ్రెగరీ అక్టోబరు 4 మర్నాటిని 15 చేశాడు. ఆంగ్లేయుల పాలనలోని చోట్ల ఆ మార్పు 1752లో జరిగింది. పైథాన్‌కు ఈ గొడవ పట్టదు. గ్రెగరీ నియమాన్నే ఒకటో సంవత్సరం దాకా వెనక్కి లాగేస్తుంది. 1022లో రెండు క్యాలెండర్లకూ తేడా ఆరు రోజులు. పైథాన్‌కు ఆగస్టు 22 అని ఇవ్వండి, గురువారమంటుంది. 1970 సున్నా నుంచి ఆ రోజు ఎంత దూరమని అడిగితే మైనస్ 3,46,017. దానికి 18,52,122 కలపండి. 15,06,105. గవ్వల లెక్కా, పైథానూ ఒక్క రోజు కూడా తేడా లేకుండా కలిశాయి. రాగిరేకూ తప్పు కాదు, కంప్యూటరూ తప్పు కాదు. తప్పల్లా ఒక క్యాలెండరు పేరును ఇంకో క్యాలెండరుకు అప్పజెప్పిన మాదే.

అహర్గణం తరవాతి కథ చకచకా చెప్పేయవచ్చు. యూరపులో 1583లో స్కాలిజర్ 7,980 ఏళ్ల జూలియన్ చక్రం కట్టాడు. దాన్ని రోజుల వరస లెక్కగా వాడుకలోకి తెచ్చింది పంతొమ్మిదో శతాబ్దంలో జాన్ హెర్షెల్. యూనిక్స్ వాళ్లు మొదట సెకనులో అరవయ్యో వంతు చొప్పున లెక్కించారు. 32 బిట్లలో అది రెండేళ్ల పైచిలుకుకే నిండిపోతుందని సెకన్లకు మారారు. సెకన్ల లెక్క కూడా ఆ 32 బిట్లలోనే ఉండిపోయిన యంత్రాల్లో 2038 జనవరి 19న పొంగిపోతుంది. ఎక్సెల్ ఈనాటికీ 1900 ఫిబ్రవరి 29 అనే లేని రోజును లెక్కపెడుతుంది. లోటస్ అనే పాత ప్రోగ్రాంలోని పొరపాటును, ఆ ఫైళ్లు చెడకుండా ఉండాలని, తెలిసే మోసుకొచ్చింది. డేటా విశ్లేషణలో అందరూ వాడే పాండాస్ చాలాకాలం నానోసెకన్లలోనే లెక్కపెట్టింది. 64 బిట్లలో నానోసెకన్లు 1677 నుంచి 2262 దాకానే పడతాయి. అంటే రాజరాజుకు అందులో చోటే లేదు. 2023లో వచ్చిన 2.0 నుంచి సెకన్లతో కూడా పని చేయించవచ్చు.

మన దేశపు ఫైళ్లకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. 03/04/2023 అంటే మనకు ఏప్రిల్ మూడు. పాండాస్ దాన్ని మార్చి నాలుగుగా తీసుకుంటుంది. పాత వెర్షన్లలో, అదే వరసలో కిందకు 13/04/2023 వస్తే, పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని మాత్రం ఏప్రిల్ పదమూడుగా చదివేది, చెప్పాపెట్టకుండా. సగం వరస అటూ సగం ఇటూ. రోజు ముందు వస్తుందని కోడులో తప్పకుండా రాయాలి. పక్కన వారం రాసి ఉన్న ఫైలైతే ఆ తప్పు అప్పుడే దొరికిపోతుంది. అందుకే బిల్లు పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వారం కూడా ఎక్కించండని మా పిల్లలకు చెబుతాను.

గంటల దగ్గరకు వస్తే మన ప్రాంతానికి ఒక విశేషముంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం అన్నవరానికీ తునికీ మధ్య నుంచి పోతుంది. మనం దానికి కాస్త పడమర. పెద్దాపురంలో సూర్యుడి లెక్కన సగటు కాలం గడియారం కన్నా నిమిషంన్నర లోపే వెనక. దేశంలో ఇంత దగ్గరగా గడియారమూ సూర్యుడూ ఒక్కమాట మీద ఉండే ఊళ్లు తక్కువ. భారత ప్రామాణిక కాలం రాకముందు రైళ్లు మద్రాసు వేధశాల కాలంతో నడిచేవి. అప్పుడు సామర్లకోట స్టేషను గడియారం మన సూర్యుడికి ఏడు నిమిషాలకు పైగా వెనక ఉండేది.

ఈ చరిత్రంతా కంప్యూటర్లలో ఉంది. 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టగా, తరవాత పాల్ ఎగర్ట్ నిర్వహిస్తున్న కాలమండలాల పట్టికలో ఏషియా/కోల్‌కతా అనే పేరు కింద వరసగా రాసి పెట్టారు. మొదట కలకత్తా స్థానిక కాలం 5 గంటల 53 నిమిషాల 28 సెకన్లు, తరవాత మద్రాసు కాలం 5:21:10, ఆపైన అయిదున్నర. యుద్ధకాలంలో 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా ఒక గంట ముందుకు. ఆ ఏళ్లలో పుట్టినవారి జాతకం వేసేటప్పుడు సిద్ధాంతులు ఈ గంటను మరవకూడదు. 2011లో ఈ పట్టిక మీద దావా వేసింది కూడా అమెరికాలోని ఒక జ్యోతిష సాఫ్ట్‌వేర్ కంపెనీయే. కొన్నాళ్లు పట్టిక మూతపడింది, 2012 ఫిబ్రవరిలో వాళ్లే దావా వెనక్కి తీసుకున్నారు. పైథాన్‌లో పైటీజెడ్ అనే సాధనంతో ఈ మండలాన్ని నేరుగా తేదీకి తగిలిస్తే +05:53 అని కనబడుతుంది. చాలామంది కంగారు పడతారు. అది పాత కలకత్తా సూర్యుడు. పట్టికలోని మొదటి వరసనే పట్టుకుని వచ్చేసింది. సాధనం చేతనే తగిలింపిస్తే అయిదున్నర వస్తుంది.

ఇక ఇవన్నీ మన ఊళ్లో కలిసే చోటు మరిడమ్మ జాతర. జ్యేష్ఠ అమావాస్యతో మొదలై ఆషాఢమంతా సాగుతుంది. ఆ అమావాస్య 2022లో జూన్ 29, 2023లో జూన్ 18, 2024లో జులై 5, 2025లో జూన్ 25. దుకాణాల అమ్మకాలను జూన్, జులై అని నెలలవారీగా కూడితే ఒక ఏడాది జూన్ పెరిగినట్టు, మరో ఏడాది పడిపోయినట్టు కనబడుతుంది. వ్యాపారం పెరగనూ లేదు, తగ్గనూ లేదు, చంద్రుడు జరిగాడు. పిల్లల చేత ఆ నాలుగు అమావాస్యల రోజుల సంఖ్యలు రాయించి, ప్రతి బిల్లు తేదీలోంచి ఆ ఏటి సంఖ్యను తీసేయించాను. జాతర మొదటి రోజు, పదో రోజు, ఇరవయ్యో రోజు అన్నీ ఏడాదికేడాది ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి.

ఇంకో చిక్కు మిగిలింది. జాతర రాత్రుల్లో పన్నెండు దాటాక కూడా బేరాలు ఆగవు. ఆ బిల్లులు ఏ రోజువి? కోడు అర్ధరాత్రికి రోజు మారుస్తుంది. పంచాంగం సూర్యోదయానికి మారుస్తుంది. సిద్ధాంతాల్లో కూడా ఈ రెండు పక్షాలున్నాయి, రోజు ఉదయంతో మొదలవుతుందనేది ఒకటి, అర్ధరాత్రితో అనేది ఇంకొకటి. ఆర్యభటుడు రెండు పద్ధతులూ ఇచ్చాడు. జాతర వ్యాపారికి ఉదయపక్షమే సరైనది. రాత్రి ఒంటిగంటకు అమ్మిన గాజులు అతని లెక్కలో నిన్నటి బేరమే.

పిల్లలు కోడు రాస్తూ ఒక సంగతి పట్టుకున్నారు. కంప్యూటర్‌లో సమయాలు విశ్వకాలంలో (యూటీసీ) దాచిన ఫైలును మన కాలానికి మార్చకుండా రోజులవారీగా కూడితే, మనకు పొద్దున్న అయిదున్నరకు రోజు మారుతుంది. మామూలుగా నేను దిద్దించే పొరపాటు అది. కానీ ఆషాఢంలో పెద్దాపురం సూర్యోదయం అయిదున్నరకు అటూ ఇటూ పావుగంట లోపే. దిద్దకుండా వదిలేసిన ఫైల్లో జాతర రాత్రులన్నీ సరైన రోజు కిందే పడి ఉన్నాయి. జనవరి ఫైలుకు ఇది పనికిరాదు, అప్పుడు మనకు ఆరున్నర దాకా తెల్లవారదు. అందుకని చివరికి ప్రతి బిల్లుకూ ఆనాటి సూర్యోదయం లెక్కగట్టి, దానికి ముందు పడినవాటిని ఒక రోజు వెనక్కి జరిపే నాలుగు వరసల కోడు రాసుకున్నారు. పంచాంగంలోని సూర్యోదయాలతో పోల్చి చూసుకోవడం ఇప్పుడు వాళ్ల చేతిలో ఉన్న పని.