డి.ఎన్.ఎ. మిథైలేషన్ - వ్యక్తుల మధ్య జన్యు వ్యక్తీకరణ భేదాలు

సైటోసిన్ క్షారంలోని ఐదో కార్బన్‌కు మిథైల్ సమూహం చేరడాన్ని డి.ఎన్.ఎ. మిథైలేషన్ అంటారని గత భాగంలో తెలుసుకున్నారు. మానవుల్లో ఇది ప్రధానంగా సైటోసిన్ పక్కనే గ్వానిన్ ఉన్న చోట్ల, అంటే సి.పి.జి. స్థానాల్లో జరుగుతుంది. మన జీనోమ్‌లో ఇవి సుమారు 2.8 కోట్లు. వాటిలో 70 నుంచి 80 శాతం మిథైలేషన్ చెంది ఉంటాయి.

"మిథైలేషన్ జరిగితే జన్యువు పని ఆగిపోతుంది." చాలా ఏళ్లు జవాబు పత్రాలు దిద్దాను. ఈ ఒక్క వాక్యం రాసి ఊరుకునే విద్యార్థులే ఎక్కువ. వాక్యం పూర్తిగా తప్పు కాదు. అయితే ఇద్దరు మనుషుల మధ్య తేడాను దీనితోనే వివరించబోతే పొరపాటు పడతారు.

ముందుగా, ఈ వాక్యం సరిగ్గా సరిపోయే ఉదాహరణ చూద్దాం. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఎఫ్.ఎం.ఆర్.1 అనే జన్యువు ఉంది. అందులో సి.జి.జి. అనే వరుస చాలామందిలో 30 సార్ల వరకు పునరావృతమవుతుంది. అది 200 సార్లు దాటితే జన్యువు ప్రమోటర్ మిథైలేషన్ చెంది, అనులేఖనం ఆగిపోతుంది. ప్రోటీన్ తయారుకాక ఫ్రజైల్ ఎక్స్ సిండ్రోమ్ అనే మేధో వైకల్యం కలుగుతుంది. అయితే అరుదుగా కొందరు పురుషుల్లో పునరావృతాలు 200 దాటినా మిథైలేషన్ జరగదు. వారిలో ప్రోటీన్ తయారవుతుంది, తెలివితేటలు మామూలుగానో, ఇంచుమించు మామూలుగానో ఉంటాయి. 2018లో అమెరికాలో రుడాల్ఫ్ జేనిష్ బృందం రోగుల కణాల్లో ఆ ఒక్క చోట మిథైలేషన్‌ను తొలగించగా, జన్యువు తిరిగి పనిచేసింది. కాబట్టి ఇక్కడ మిథైలేషనే కారణమని ధైర్యంగా చెప్పవచ్చు.

అన్ని జన్యువుల విషయంలో ఇంత స్పష్టత లేదు. ఇక్కడ రెండు ప్రశ్నలను వేరుచేసి చూడండి. ఒకే వ్యక్తి కణాల్లో వేల జన్యువులను పోల్చితే, ప్రమోటర్ మిథైలేషన్ ఎక్కువగా ఉన్న జన్యువుల వ్యక్తీకరణ తక్కువగా కనిపిస్తుంది. ఇది మొదటి ప్రశ్నకు జవాబు. ఒకే జన్యువును అనేక మంది వ్యక్తుల్లో పోల్చడం రెండో ప్రశ్న. ఇక్కడ సంబంధం చాలా జన్యువుల్లో బలహీనం. కొన్నింటిలో రుణాత్మకం, మరికొన్నింటిలో ధనాత్మకం కూడా. 204 మంది నవజాత శిశువుల బొడ్డుతాడు నుంచి మూడు రకాల కణాలు తీసుకుని చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. అందులోనూ రెండు రకాల సంబంధాలూ కనిపించాయి. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండో ప్రశ్నకు రాయకూడదు.

సంబంధం కనిపించిన చోట కూడా ఏది కారణం, ఏది ఫలితం? తాళం వేసిన ఇల్లు చూస్తే లోపల ఎవరూ లేరనుకుంటాం. కానీ తాళం వేసినందువల్ల ఇంట్లోవాళ్లు వెళ్లిపోలేదు. వెళ్తూ వెళ్తూ తాళం వేశారు. జన్యువుల్లోనూ ఇలా జరుగుతుంది. అనులేఖన కారకాలు బంధించుకున్న చోట మిథైలేషన్ తగ్గవచ్చు. అవి వదిలిన చోట పెరగవచ్చు. అప్పుడు మిథైలేషన్ గుర్తు మాత్రమే, కారణం కాదు. ఎక్స్ క్రోమోజోమ్ నిష్క్రియమయ్యే సందర్భంలోనూ ముందు జన్యువులు మూగబోతాయి, మిథైలేషన్ తర్వాత వచ్చి ఆ స్థితిని స్థిరపరుస్తుంది.

వ్యక్తుల మధ్య మిథైలేషన్ భేదాల్లో కొంత భాగం డి.ఎన్.ఎ. వరుసలోని భేదాల నుంచే వస్తుంది. సి.పి.జి.లోని సైటోసిన్ స్థానంలో ఒకరికి థైమిన్ ఉంటే, అక్కడ మిథైలేషన్‌కు చోటే ఉండదు. వయస్సు, పొగతాగడం వంటివీ ప్రభావం చూపుతాయి.

మరో చిక్కు రక్త నమూనాలది. రక్తంలో అనేక రకాల కణాలుంటాయి, ఒక్కో రకానిది ఒక్కో మిథైలేషన్ తీరు. ఇన్ఫెక్షన్ వచ్చిన వ్యక్తిలో న్యూట్రోఫిల్స్ నిష్పత్తి పెరుగుతుంది. ఏ కణంలోనూ మిథైలేషన్ మారకపోయినా, నమూనా సగటు మారుతుంది. ఒక్క రక్త పరీక్షతో మీ జన్యువుల పనితీరు చెబుతామనే ప్రకటనలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఉబ్బసం ఉన్న 50 మంది, లేని 50 మంది రక్తాన్ని పోల్చి, ఒక జన్యువు ప్రమోటర్ మిథైలేషన్‌లో భేదం ఉందని ఒక పరిశోధకురాలు గమనించారనుకోండి. ఈ భేదమే ఉబ్బసానికి కారణమని చెప్పే ముందు ఆమె ఏయే ఇతర వివరణలను తోసిపుచ్చాలి? ఎఫ్.ఎం.ఆర్.1 ఉదాహరణతో పోల్చి రాయండి.