దీపం వెలిగితే తీగ బాగున్నట్టేనా?

కూలరును ముట్టుకుంటే చురుక్కుమంటున్నదని మా ఇంట్లోని ఆడవారు రెండు వారాలపాటు చెబుతూనే వచ్చారు. చెప్పులు వేసుకుని ముట్టుకోండని సలహా ఇచ్చి మేము ఊరుకున్నాము. లోపం పంపులో ఉన్నదేమోనని ఒకసారి దానిని మార్పించాము కూడా. ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఎం.సి.బి. ఒక్కసారైనా పడిపోలేదు. ఇక గోడలోని తీగలను శంకించవలసిన అవసరమేమున్నదని అనుకున్నాము.

ఒక మధ్యాహ్నం స్నానం చేసి తడికాళ్లతో వచ్చిన ఆరేళ్ల మనవడు కూలరు అంచు పట్టుకుని, చేయి విడిపించుకోలేక కేక పెట్టాడు. వాడి దాదీ పరుగున వెళ్లి స్విచ్చు ఆపింది. అయినా వాడి చేయి వదలలేదు. ఆమె ప్లగ్గునే పెరికివేసిన తరువాతే పిల్లవాడు పక్కకు ఒరిగాడు. డాక్టరుకు చూపించాము, ప్రాణభయం లేదన్నారు. ఆ రాత్రి మాత్రం ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

మరునాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ వయసు మళ్లినవాడు. జరిగినదంతా విని, "స్విచ్చు ఆపినా షాకు ఆగలేదంటే కూలరు తప్పు కాదు సార్. ఎర్తు తీగలోంచి కరెంటు వస్తోంది" అన్నాడు. స్విచ్చు ఫేజు తీగను మాత్రమే తెంపుతుంది. ప్లగ్గులోని లావుపాటి మూడవ పిన్ను ఎర్తు తీగకు ఎల్లప్పుడూ కలిసే ఉంటుంది. మమ్మల్ని కాపాడవలసిన తీగయే విద్యుత్తును కూలరు రేకుకు చేరవేసిందన్నమాట! ఫ్రిజ్‌కూ వాషింగ్ మెషీన్‌కూ కూడా అది చేరే ఉండాలి. పొడినేల మీద చెప్పులతో నిలబడి ముట్టుకోవడం వల్ల మాకు తెలియలేదు.

అతడు మెయిన్ ఆపి, ప్లగ్గులన్నీ తీయించాడు. బల్బులు విప్పించి, ఇన్వర్టరునూ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లనూ విడదీశాడు. తరువాత స్విచ్చులన్నీ వేసి ఉంచి, సంచిలోనుండి పిడి తిప్పే పాత మెగ్గరును బయటికి తీశాడు. ఈ పరికరం తీగలోకి 500 వోల్టుల డి.సి. పంపి, తొడుగు గుండా ఎంత విద్యుత్తు జారిపోతున్నదో పసిగట్టి, ఆ తొడుగు నిరోధాన్ని మెగోముల్లో చూపిస్తుంది. ఒక మెగోము అంటే పది లక్షల ఓములు. ఉపకరణాలను ముందుగా విడదీయకపోతే ఆ 500 వోల్టులు వాటిని పాడుచేయవచ్చు. కనుక ఇది మనం సొంతంగా చేసి చూడదగిన పని కాదు.

ఫేజుకూ ఎర్తుకూ మధ్య కనీసం ఒక మెగోమైనా ఉండవలసిన చోట, ముల్లు 0.02 దగ్గర నిలిచింది. అంటే 20 వేల ఓములు. 230 వోల్టులను దానితో భాగిస్తే 11.5 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. పది మిల్లీ ఆంపియర్ల ప్రాంతంలో పెద్దవారికే కండరాలు బిగుసుకుపోయి పట్టు విడవడం కష్టమవుతుంది. పిల్లలకు అంతకన్నా తక్కువే చాలు. ఇక మేము నమ్ముకున్న ఎం.సి.బి. 16 ఆంపియర్లది, అంటే 16 వేల మిల్లీ ఆంపియర్లది. తీగ వేడెక్కి కాలిపోకుండా చూడడం దాని పని. మనవడి చేతిని పట్టి ఉంచిన ఆ కొద్దిపాటి విద్యుత్తు దాని లెక్కలోకే రాదు. టెస్టరు స్క్రూడ్రైవరు కూడా ఇంతే. ఫేజు ఉన్నదని చెబుతుంది గాని తొడుగు ఎంత చివికిందో చెప్పదు.

లోపాన్ని వెదికిన తీరు మాకు ముచ్చట గొలిపింది. గోడ ఎక్కడా పగులగొట్టలేదు. బోర్డు దగ్గర మూడు సర్క్యూట్లను విడదీసి ఒక్కొక్కటిగా కొలిచాడు. రెండు బాగున్నాయి. మూడవదాన్ని నడిమి జంక్షన్ బాక్సు దగ్గర విడదీసి మళ్లీ కొలిచాడు. అలా సగం సగంగా తగ్గించుకుంటూ వచ్చి స్నానాలగది గోడ వెనుక ఆగాడు. బాక్సు మూత తీస్తే లోపలంతా చెమ్మ. ఎన్నడో వేసిన అతుకు మీది టేపు జిగురు వదిలి, పక్కనున్న ఎర్తు తీగను ఆనుకొని ఉన్నది.

అయినా ఎర్తు సరిగా ఉంటే ఆ విద్యుత్తు నేలలోకి పోయేది. పెరట్లో గుంత తవ్వి చూశాము. పైపుకు తీగ బిగించిన బోల్టు తుప్పు పట్టి రాలిపోయింది. ఇల్లు కట్టిన నాటినుండి మేము ఆ గుంత మూత తీసి చూసినవారము కాము.

అతుకు లేని కొత్త తీగ లాగించి, ఎర్తు పునరుద్ధరించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించాము. అది ఉన్నది కదా, ఇక మెగ్గరుతో పనేమిటని అడిగాము. 15 మిల్లీ ఆంపియర్ల లోపు అది పడదని, మా ఇంట్లో పారినది 11.5 మాత్రమేనని అతడు గుర్తుచేశాడు. నెలకొకసారి దాని టెస్ట్ బటన్ నొక్కమన్నాడు. ఆ బటన్ ఆర్.సి.సి.బి.ని మాత్రమే పరీక్షిస్తుందని, తీగలను గాని ఎర్తును గాని కాదని కూడా చెప్పాడు.

పని ముగిశాక మళ్లీ కొలిస్తే ముల్లు 100 మెగోములు దాటింది. ఆ అంకెను, తేదీని మీటరు పెట్టె తలుపు లోపల పెన్సిలుతో రాయించుకున్నాము. గోడలు తడిసినప్పుడు కొలత ఎలా ఉంటుందో చూడాలి గనుక, వానలు పడ్డాక మరోసారి రమ్మని అతనికి చెప్పాము. వేసవిలో ఎర్తు గుంతలో నీళ్లు పోసే పని మనవడు తనదేనన్నాడు. కూలరు దగ్గరికి మాత్రం వాడు ఇంకా వెళ్లడం లేదు.