పాలచక్కెర పలుకు కట్టిన కథ

లీటరు పాలలో దాదాపు 50 గ్రాముల చక్కెర ఉంటుంది. అయినా కాఫీలో మళ్లీ చెంచాడు పంచదార వేసుకోక తప్పదు. పాలచక్కెర, అంటే లాక్టోజ్, తీపిలో పంచదారకు ఐదో వంతుకు కాస్త అటూ ఇటూ. నీళ్లలో కరగడానికైతే దానికి మరీ బద్ధకం. 20 డిగ్రీల వేడి దగ్గర 100 గ్రాముల నీళ్లలో పంచదార 200 గ్రాములు కరుగుతుంది, లాక్టోజ్ 20 గ్రాములు కూడా కరగదు. పాల పరిశ్రమకు తలనొప్పి ఈ బద్ధకమే. ఆదాయమూ దీనివల్లే.

హైదరాబాద్‌లో సీతాఫల్‌మండి, తార్నాక, లాలాపేట ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టూ అల్లుకున్న ఇరుగుపొరుగు పేటలు. లాలాపేటలో విజయ డెయిరీ ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, కాస్త ముందుకెళితే హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ. పాలచక్కెరతో డెయిరీకి ఒక పేచీ, మిగతా రెండింటికి ఇంకో పేచీ. ముందు డెయిరీ సంగతి చూద్దాం.

చలికాలంలో గేదెలు బాగా పాలిస్తాయి, ఎండాకాలంలో వట్టిపోతాయి. ఊళ్లో తాగేవాళ్లు మాత్రం ఏడాది పొడుగునా అంతేమంది. అందుకే మిగులు పాలను పొడి చేసి దాచుకోవడం ఏ డెయిరీకైనా ప్రాణం. వెన్న తీసిన పాల పొడిలో సగం లాక్టోజే. వేడిగాలిలోకి పాలను తుంపరగా చిమ్మి ఎండబెట్టే యంత్రానికి అమెరికాలో శామ్యూల్ పెర్సీ 1872లోనే పేటెంటు తీసుకున్నాడు. దీన్నే స్ప్రే డ్రయర్ అంటారు. ఇందులో తుంపర ఎంత త్వరగా ఆరిపోతుందంటే, లాక్టోజ్ అణువులకు ఒక వరుసలో కుదురుకునే వ్యవధే ఉండదు. గాజులా ఎలా పడితే అలా బిగుసుకుపోతాయి. వానాకాలం గాలి తగిలిందా, ఆ గాజు తేమను పీల్చుకుని జిగురవుతుంది. అప్పటికి గానీ లాక్టోజ్ తీరుబడిగా పలుకు (స్ఫటికం) కట్టదు. పక్కపక్క రేణువులన్నీ అంటుకుని, సంచిలోని పొడి కాస్తా రాయిలా అట్టకడుతుంది.

డబ్బా పాలలో జబ్బు ఇంకో రకం. గెయిల్ బోర్డెన్ 1856లో గాలి తీసేసిన పాత్రలో పాలను చిక్కబరిచే పద్ధతికి పేటెంటు పొందాడు. మామూలు పాలలో ఒక్కో 100 గ్రాముల నీటికి లాక్టోజ్ ఐదున్నర గ్రాములే, కాబట్టి హాయిగా కరిగి ఉంటుంది. తీపి కండెన్స్‌డ్ మిల్క్‌లో నీరు నాలుగో వంతుకు కాస్త పైన మిగులుతుంది, లాక్టోజ్ 11, 12 శాతానికి చేరుతుంది. లెక్క వేస్తే 100 గ్రాముల నీటికి 40 గ్రాములకు పైనే. అందులో సగం పైచిలుకు బయటపడక తప్పదు. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. మన చేతిలో ఉన్నదల్లా పలుకు ఎంత సైజులో బయటపడాలో తేల్చడమే. 10 మైక్రాన్లకు లోపు ఉంటే నాలుకకు తెలియదు, 30 దాటితే నోట్లో ఇసుక. చాలాకాలం ఫ్రిజ్‌లో మగ్గిన ఐస్‌క్రీమ్‌లో కరకరలాడే ఇసుక ఇదే. నిలవున్న కోవాలోనూ తగులుతుంటుంది. పూసకట్టిన నెయ్యిని మాత్రం దీంతో కలపకండి. అక్కడ పూస కట్టేది కొవ్వు, చక్కెర కాదు.

ఇక పలుకు కట్టించే క్రిస్టలైజర్ దగ్గరికి వద్దాం. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. రెండు పొరల ఉక్కు తొట్టి, పొరల మధ్య పారే చల్లనీళ్లు, లోపల మెల్లగా తిరిగే తెడ్డు. పనంతా వేళ చూసి చేయడంలోనే ఉంది. చిక్కబరిచిన పాలు 30 డిగ్రీల దగ్గరికి చల్లారగానే, పిండికన్నా మెత్తగా నూరిన లాక్టోజ్‌ను చిటికెడంటే చిటికెడు చల్లుతారు. డెయిరీలో దీన్ని సీడింగ్ అంటారు. పొడి చిటికెడే అయినా అందులో కోట్ల రేణువులు ఉంటాయి. బయటికి రావలసిన లాక్టోజ్ అంతా వాటి మీదే పంచుకుని పేరుకోవడం వల్ల ఏ ఒక్కటీ పెద్దది కాలేదు. పటికబెల్లం తయారీలో దారం మీద పెద్ద పలుకు కోసం రోజుల తరబడి కదపకుండా ఉంచుతారు కదా, ఇక్కడ నేర్పంతా దానికి సరిగ్గా తలకిందులు.

లాక్టోజ్‌కు ఇంకో వింత ఉంది. నీళ్లలో అది ఆల్ఫా, బీటా అనే రెండు రూపాల్లో, ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి మారుతూ ఉంటుంది. మామూలు వేడి దగ్గర బీటా 62 శాతం, ఆల్ఫా 38 శాతం. సుమారు 93 డిగ్రీలకు లోపు పలుకుగా దిగేది మాత్రం ఆల్ఫా ఒక్కటే, అదీ ఒక నీటి అణువును వెంటబెట్టుకుని. ఆల్ఫా దిగి ఖాళీ ఏర్పడితే, బీటా మారి ఆ చోటు పూరించాలి. చలి ఎక్కువైతే ఈ మార్పు నత్తనడక నడుస్తుంది. అందుకే తొందరపడి గబగబా చల్లార్చితే పని ముందుకు సాగడానికి బదులు మొరాయిస్తుంది. నూరు గుర్రాల మోటారు పెట్టినా ఈ బేరం కుదరదు. ఈ తొట్టి దగ్గర యంత్రం కన్నా ఓపికదే పైచేయి అని నేనంటాను. నమూనా చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే, ఒక కొన సన్నగా, ఇంకో కొన వెడల్పుగా గొడ్డలి ఆకారంలో పలుకులు కనిపిస్తాయి.

పాలు విరిచాక మిగిలే నీళ్లను డెయిరీల్లో వే అంటారు. పాలలోని లాక్టోజ్ దాదాపు అంతా అందులోకే పోతుంది. అందులోంచి లాక్టోజ్‌ను విడదీయాలంటే మాత్రం కావలసింది పెద్ద పలుకు. వేను ఘనపదార్థం 60 శాతం దాకా చిక్కబరిచి, గంటకు రెండు మూడు డిగ్రీల చొప్పున చల్లారుస్తూ, దాదాపు రోజంతా కలుపుతారు. తర్వాత గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో వడగట్టి, కడిగి, ఆరబెడతారు. లాక్టోజ్‌ను విడదీయకుండా మొత్తం వేను పొడి చేయాలన్నా సరే, డ్రయర్‌కు ముందే చాలావరకు పలుకు కట్టించాలి. అమెరికాలో డేవిడ్ పీబుల్స్ 1930ల్లో ఈ దారినే అట్టకట్టని వే పొడి చేశాడు. 1950ల్లో నీళ్లలో వేయగానే కలిసిపోయే పాలపొడి తెచ్చిందీ ఆయనే. ఆరిన పొడికి కాస్త తేమ తగిలించి, రేణువులు గుత్తులుగా అంటుకోగానే మళ్లీ ఎండబెట్టాడు. సంచిలో అట్టకట్టించే జిగురునే పనిలో పెట్టుకున్నాడు!

ఇలా తీసిన పాలచక్కెర చేరే చోట్లలో మందుల కంపెనీ ఒకటి. ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో 1941లో పెన్సిలిన్ దిగుబడి పెంచే ప్రయత్నంలో బూజుకు మేతగా లాక్టోజ్ పెట్టారు. దాన్ని నెమ్మదిగా తింటుంది కాబట్టి మందు ఎక్కువకాలం తయారయింది. నేటి మాత్రల్లో మందు పిసరంతే, చేతికి తగిలే సైజు తెచ్చేది చాలాసార్లు లాక్టోజే. ఉబ్బసం రోగులు పీల్చే పొడి క్యాప్సూళ్లలో, హోమియో మందు నూరే కల్వంలో కూడా అదే. హైదరాబాద్ లాంటి మందుల ఊరికి దీనితో పని లేని రోజుండదు.

తార్నాక పేచీ పేగుకు సంబంధించినది. లాక్టోజ్‌ను విరగ్గొట్టే లాక్టేజ్ ఎంజైమ్ చాలామందిలో బాల్యం దాటాక తగ్గిపోతుంది. పోషకాహార సంస్థకు చెందిన వినోదిని రెడ్డి, జితేందర్ పర్షాద్ భారతీయుల్లో ఈ లోపంపై 1972లో పరిశోధన పత్రం ప్రచురించారు. సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2012 నాటి అధ్యయనం దేశంలో 2 వేల మందికి పైగా నమూనాలు చూసింది. పెద్దయ్యాకా పాలు అరిగించుకునే జన్యుమార్పు యూరప్ వాళ్లలో ఎక్కువగా ఉన్నదే ఇక్కడా కనిపించింది. వాయవ్యంలో అది ఎక్కువ, ఆగ్నేయానికి వచ్చేకొద్దీ తక్కువ. మనం ఉన్నది తక్కువ వైపునే. అదే ఎంజైమ్‌ను ఐస్‌క్రీమ్ మిశ్రమంలో కలిపితే ఇసుక బెడదా తీరుతుంది, ఎందుకంటే పలుకు కట్టడానికి లాక్టోజే మిగలదు.

చిన్న పనీరు కేంద్రాలకు క్రిస్టలైజర్ గిట్టుబాటు కాదు. వే ఒకచోట భారీగా పోగైతేనే ఆ తొట్టి తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. కాలువలో పోసిన వే, ఊరి మురుగుకన్నా వంద రెట్లు ఎక్కువగా నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. కాబట్టి కేంద్రాల వేను ఒక చోటికి చేర్చే ఏర్పాటు చేయాల్సింది సహకార సంఘాలే. ఇంట్లో పనీరు చేసుకునేవాళ్లు ఆ నీళ్లు పారబోయకుండా చపాతీ పిండి తడపండి, చారులో పోయండి. పాలు పడనివాళ్లు మాత్రం వాటి జోలికి పోవద్దు. పనీరు పడినా ఆ నీళ్లు పడవు, చక్కెరంతా అందులోనే ఉంది.