పళ్లు శుభ్రం చేసేది ఎవరు? నియమాలు రాసేది ఎవరు?

ఉప్పల్ చౌరస్తా నుంచి హబ్సిగూడ మీదుగా నాచారం వరకు వస్తుంటే దారిలో పళ్ల డాక్టర్ల బోర్డులు చాలా కనిపిస్తాయి. 'డెంటల్ హైజీనిస్టు' అన్న మాట మాత్రం వాటి మీద కనిపించడం అరుదు. అలాంటి ఉద్యోగం ఒకటి ఉందని మా ఓ.పి.కి వచ్చేవారిలో చాలామందికి తెలియదు. అమెరికాలో అలా కాదు. అక్కడ పళ్ల మీది గార తీసి, పాలిష్ చేసి, ఎలా తోముకోవాలో నేర్పేది ఎక్కువగా హైజీనిస్టే. డాక్టరు నోరు పరీక్షించి, జబ్బు ఏమిటో తేల్చి, వైద్యం చేస్తారు.

ఈ రెండు వృత్తుల సంఘాల మధ్య అక్కడ వందేళ్లుగా స్నేహమూ ఉంది, పేచీ కూడా ఉంది. ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకని అనుకోవద్దు. ఇక్కడ బి.డి.ఎస్. చదివి, పెళ్లి చేసుకుని అక్కడికి వెళ్లిన మన ఆడపిల్లల బతుకుతెరువు ఇప్పుడు ఆ పేచీలో చిక్కుకుంది.

మొదలుపెట్టింది ఒక డెంటిస్టే

అమెరికాలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు ఉండేవారు. పళ్లు పుచ్చాక పీకడం కంటే పుచ్చకుండా చూడడమే మేలని ఆయన నమ్మకం. తన దగ్గర సహాయకురాలిగా పనిచేస్తున్న ఐరీన్ న్యూమన్‌కు 1906లో పళ్లు శుభ్రం చేసే పని నేర్పారు. 1913లో ఈ పనికోసం ఒక స్కూలే తెరిచారు. అందులో మొదట చేరినవారిలో టీచర్లతో పాటు నర్సులు కూడా ఉన్నారు. ఆ తర్వాత వారు బడిపిల్లల పళ్లు శుభ్రం చేయడానికి వెళ్లారు. 1923లో హైజీనిస్టులు తమ సొంత జాతీయ సంఘం పెట్టుకున్నారు. డెంటిస్టుల సంఘం అంతకు చాలా ముందే, 1859లోనే ఏర్పడింది.

పేచీ ఎక్కడ?

అక్కడ హైజీనిస్టులకు లైసెన్సు ఇచ్చేది, వారి పనికి హద్దులు గీసేది రాష్ట్రాల డెంటల్ బోర్డులు. ఆ బోర్డుల్లో సాధారణంగా డెంటిస్టులదే మెజారిటీ. ఒకరి పనికి హద్దులు ఇంకొకరు గీస్తుంటే మాటామాటా రాక మానదు.

సౌత్ కరోలినా సంగతి చూడండి. డెంటిస్టు ముందుగా పరీక్షించకపోయినా హైజీనిస్టులు బడుల్లో పిల్లల పళ్లు శుభ్రం చేయవచ్చని, ఫ్లోరైడ్ పూయవచ్చని ఆ రాష్ట్రం 2000లో చట్టం చేసింది. 2001లో అక్కడి డెంటల్ బోర్డు ఒక నిబంధన తెచ్చి, డెంటిస్టు పరీక్ష తప్పనిసరి అని మళ్లీ పెట్టింది. బడుల్లో సేవ కుంటుపడింది. ఎక్కువగా నష్టపోయింది పేదపిల్లలు. 2003లో కేంద్ర ప్రభుత్వపు వాణిజ్య సంస్థ బోర్డు మీద ఫిర్యాదు వేసింది. రాజీ కుదిరేసరికి 2007 వచ్చింది.

అలాగని డెంటిస్టుల మాటను తీసిపారేయలేం. మన నాచారం పారిశ్రామికవాడనే తీసుకోండి. గుట్కా, జర్దా నమిలేవారికి నోట్లో తెల్లమచ్చలు వస్తాయి, నోరు సరిగా తెరుచుకోదు. అది క్యాన్సర్‌కు తొలిమెట్టు కావచ్చు. పైకి కనిపించే గార తీసి పంపేస్తే సరిపోదు. జబ్బు ఏమిటో తేల్చే డాక్టరు చూడాల్సిందే. బడిలో పదేళ్ల పిల్లకు పెట్టే నియమం, ఇరవై ఏళ్లుగా గుట్కా నమిలిన మనిషికి పెట్టే నియమం ఒక్కటే కానక్కర్లేదు.

కలిసి నడిచిన రోజులు

కోవిడ్ వచ్చినప్పుడు రోగి నోటికి అతి దగ్గరగా ఉండి పనిచేసేవారు ఈ రెండు వృత్తులవారే. ఆ సమయంలో రెండు సంఘాలూ కలిసి ఒక అధ్యయనం చేశాయి. 2020 అక్టోబరు నాటికి అందులో పాల్గొన్న హైజీనిస్టుల్లో కోవిడ్ సోకినవారు 3.1 శాతం మాత్రమే అని తేలింది. మాస్కులు, శుభ్రత పద్ధతులు ఎంత అవసరమో ఇద్దరూ ఒకే మాటగా చెప్పగలిగారు.

మన అమ్మాయిల సంగతి

కోవిడ్ తర్వాత అక్కడ హైజీనిస్టుల కొరత ఎక్కువైంది. 2024 అక్టోబరులో డెంటిస్టుల సంఘం ఒక తీర్మానం చేసింది. విదేశాల్లో డెంటిస్టు చదువు చదివినవారిని హైజీనిస్టులుగా పనిచేయనివ్వాలన్నది దాని సారాంశం. హైజీనిస్టుల సంఘం గట్టిగా వ్యతిరేకించింది. తమ చదువు వేరు, తమ శిక్షణ వేరు, దగ్గరి దారిలో మనుషుల్ని తెస్తే రోగికే నష్టం అని వారి వాదన.

అక్కడ మన బి.డి.ఎస్. పట్టాతో నేరుగా డెంటిస్టుగా పనిచేయడానికి సాధారణంగా వీలుండదు. మళ్లీ కాలేజీలో చేరాలి, దానికి చాలా ఖర్చవుతుంది. అందుకే హైజీనిస్టు ఉద్యోగం దొరికినా చాలని చూసేవారున్నారు. ఫ్లోరిడాలో విదేశీ డెంటిస్టులు హైజీనిస్టు పరీక్ష రాయడానికి ఇంతకుముందు నుంచే దారి ఉంది. చాలా రాష్ట్రాల్లో లేదు. సంఘం తీర్మానం చట్టం కాదు, చట్టం చేసేది ఆయా రాష్ట్రాలే. అమ్మాయిని పంపే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. ఏజెంటు మాట నమ్మి డబ్బు కట్టకండి. ఏ రాష్ట్రానికి వెళ్తుందో ఆ రాష్ట్రం డెంటల్ బోర్డు నియమాలు చదివించండి.

మన దేశంలో

మన 1948 నాటి డెంటిస్టుల చట్టంలోనే హైజీనిస్టు అంటే ఎవరో రాసి ఉంది. పళ్ల మీది గార తీసేవారు, శుభ్రం చేసేవారు, పాలిష్ చేసేవారు, నోటి శుభ్రత గురించి చెప్పేవారు అని. కానీ వారి రిజిస్ట్రేషనూ, చదువూ డెంటల్ కౌన్సిల్ కిందే పెట్టారు. అంతకు ఏడాది ముందే, 1947లో, మా నర్సులకు విడిగా నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. సొంత కౌన్సిల్ ఉన్నంత మాత్రాన డాక్టర్లతో మాకు పేచీలు రాలేదని కాదు. ఇంజక్షను ఎవరు చేయాలి, మందు ఎవరు రాయాలి అన్న దగ్గర వచ్చాయి, వస్తాయి. కానీ మా పని గురించి మాట్లాడేటప్పుడు మాకూ ఒక కుర్చీ ఉంటుంది. 2023లో పాత చట్టం స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. కొత్త నియమాలు రాసే ప్రతిచోటా హైజీనిస్టుకు కూడా ఆ కుర్చీ ఉండాలని మేము కోరుకుంటున్నాం.

హద్దు ఎవరి గౌరవం కోసమో కాకుండా రోగి కోసం గీస్తే, దాన్ని ఒప్పుకోవడం ఇద్దరికీ తేలికవుతుంది. ఒక హద్దు వల్ల రోగికి ప్రమాదం తప్పుతుందా, లేక వైద్యమే అందకుండా పోతుందా అని ఎప్పటికప్పుడు అడగాలి.

పాఠకులకు నాలుగు మాటలు

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది అపోహ. గార పేరుకుంటే చిగుళ్లు జారి, పళ్లు కదులుతాయి. క్లీనింగ్‌తో గార పోయాక ఆ కదలిక మనకు తెలుస్తుంది, అంతే.

షుగరు ఉన్నవారు చిగుళ్ల నుంచి రక్తం వస్తే ఆలస్యం చేయవద్దు. షుగరు పెరిగితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే షుగరు అదుపు తప్పుతుంది.

భువనగిరి, నల్గొండ వైపు నుంచి వచ్చేవారి పళ్ల మీద కనిపించే గోధుమరంగు చారలు చాలావరకు ఫ్లోరైడ్ నీటి వల్ల వచ్చినవి. అది మురికి కాదు, క్లీనింగ్‌తో పోదు. ఉప్పుతో, బొగ్గుపొడితో గట్టిగా రుద్దితే పంటికే నష్టం.

క్లీనింగ్‌కు వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు మొహమాటపడకుండా అడగండి: "నా పళ్లు శుభ్రం చేసేవారు రిజిస్టరైన డాక్టరా, హైజీనిస్టా?", "నా నోరంతా డాక్టరు గారు ఒకసారి చూశారా?"